గర్భం నిలిచే రోజులు

పెళ్లయి ఏడాది తిరక్కుండానే "ఇంకా విశేషమేమీ లేదా?" అని కోడలిని అడగడం మన ఇళ్లలో మామూలే. మొక్కులు సరే, ముందొక చిన్న లెక్క తెలుసుకుందాం.

బహిష్టు కనిపించిన రోజే ఒకటో రోజు, స్నానం చేసిన రోజు కాదు. అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు. ఇలా వెనక్కు లెక్కించాలని 1924లో జపాను వైద్యుడు ఒగినో చెప్పారు. 28 రోజులకు బహిష్టయ్యేవారికి అది 14వ రోజు, 32 రోజులకయితే 18వ రోజు దాపుల్లో అన్నమాట. అండం ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు అయిదు రోజుల వరకూ ఉండగలవు. అందుకే ఆ రోజూ, దానికి ముందు అయిదు రోజులూ గర్భం నిలిచే అవకాశం ఉంటుంది. అప్పుడు యోనిలో ఊరే జిగురు గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. అది జబ్బు కాదు, భయపడకండి.

నెలసరి క్రమంగా రానివారికి ఈ లెక్క కుదరదు. పిల్లలు వద్దనుకునేవారు దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఏడాది చూసినా, వయసు 35 దాటితే ఆరు నెలలు చూసినా ఫలితం లేకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఒక్కరే కాదు, మీవారిని కూడా తీసుకువెళ్లండి. లోపం ఎవరిలోనయినా ఉండవచ్చు. పరీక్ష ఇద్దరికీ జరగకుండానే ఆడదాన్ని గొడ్రాలనడం అన్యాయం కదూ!