చైనా గోడ, గోల్కొండ కోట: తలుపు తీసిందెవరు?

సికింద్రాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. కోటల మీద చేస్తున్న ఈ ఎపిసోడ్లలో చైనా గోడ గురించి చెప్పమని చాలామంది అడిగారు. చెబుతాను, కానీ గోల్కొండ మీదుగా వెళ్దాం. పోయిన ఆదివారం మా అక్క కొడుకుని తీసుకుని అక్కడికి వెళ్లొచ్చాను.

బాలాహిస్సార్ దర్వాజా దగ్గర అందరూ చప్పట్లు కొట్టి, పైదాకా వినిపించిందా లేదా అని చూస్తారు. నేనైతే ముందు అడ్డుగోడ చూడమంటాను. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపుని ఢీకొట్టకుండా దర్వాజాకి ఎదురుగా కట్టిన గోడ అది. పక్కకి తిరిగి రావాలి, అక్కడే వేగం పోతుంది. తలుపులకేమో ఇనుప మేకులు. కాకతీయుల నాటి మట్టికోటని కుతుబ్‌షాహీలు రాతికోట చేశారు. బయటి ప్రాకారానికి 87 బురుజులు. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా యువరాజే, వచ్చి ముట్టడించి వెళ్లాక, శత్రువుకి పనికొచ్చే పక్క గుట్టని కూడా గోడలో కలిపేసుకున్నారు. అదే నయాఖిల్లా.

ఇదంతా విని మావాడు అడిగాడు: "మరి ఎలా ఓడిపోయారు మామయ్యా?"

1687లో ఔరంగజేబు చక్రవర్తిగా మళ్లీ వచ్చాడు. ఎనిమిది నెలలు కూర్చున్నాడు. సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టించాడు, పని కాలేదు. వానలు, కరువు, రోగాలు ఆయన సైన్యాన్నే తినేశాయి. చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి, కోటలోని అధికారి అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తీసుకుని లోపలి నుంచి తలుపు తీశాడు.

ఇప్పుడు చైనాకి వెళ్దాం. 2009లో కొలిస్తే మింగ్ వంశం నాటి గోడే 8,850 కిలోమీటర్లు తేలింది. అది తూర్పున సముద్రాన్ని తాకే చోట షాన్‌హైగ్వాన్ అనే కోట ఉంది, 1381లో కట్టింది. గోల్కొండ పడడానికి 43 ఏళ్ల ముందు, 1644లో, అక్కడి సేనాపతి వూ సాన్‌గ్వే మంచూలకి దారి ఇచ్చాడు. ఆ గోడ అన్నేళ్లు కాచుకున్నది అలాంటి ఉత్తరాది సైన్యాల కోసమే!

అయితే ఇద్దర్నీ ఒకే గాటన కట్టలేను. వూ సాన్‌గ్వే వెనక బీజింగ్ అప్పటికే తిరుగుబాటుదారుల చేతికి పోయింది, చక్రవర్తి ఉరేసుకున్నాడు. ముందు మంచూలు, వెనక తిరుగుబాటుదారులు. పన్నీకి అలాంటి ఇరకాటం లేదు. అతని రాజు అబుల్ హసన్ తానాషా లోపలే ఉన్నాడు.

అదే రాత్రి అబ్దుల్ రజాక్ లారీ అనే సర్దారు, కొద్దిమందితో మొఘలులకి ఎదురెళ్లాడు. ఒళ్లంతా గాయాలతో పడిపోయాడు. ఔరంగజేబే వైద్యులని పంపి బతికించాడు. తానాషాని దౌలతాబాద్ కోటలో పెట్టారు, అక్కడే పోయాడు.

మన ఊరికీ ఇందులో ఒక పోగు ఉంది. ఆ ముట్టడిలో ఫిరంగి దెబ్బకి చెయ్యి తెగి చనిపోయిన మొఘల్ సేనాని ఖిలీచ్ ఖాన్ మనవడే మొదటి నిజాం. ఆయన మనవడు సికందర్ జా. సికింద్రాబాద్ అన్న పేరు ఆయనదే. ఖిలీచ్ ఖాన్ సమాధి హిమాయత్‌సాగర్ వైపు, కిస్మత్‌పూర్ దగ్గర ఉంది. గోల్కొండకి వెళ్లేవాళ్లు అటు కూడా ఒకసారి వెళ్లి చూడండి.