నిధులు, నేల, నిజాయితీ: ఐరోపా ప్రాంతీయాభివృద్ధి నేర్పుతున్న పాఠం
(స్నాతకోత్సవ ప్రసంగం)

దేశం సంపన్నమైతే అందులోని ప్రతి ప్రాంతమూ సంపన్నమైనట్టు కాదు. ఇటలీలో మిలాన్ నగరమున్న లొంబార్డీ ఐరోపాలోని ధనిక ప్రాంతాల్లో ఒకటి. అదే దేశానికి దక్షిణపు కొసన ఉన్న కలబ్రియాలో తలసరి స్థూలోత్పత్తి అందులో సగమైనా ఉండదు. ఒకే రాజ్యాంగం, ఒకే కరెన్సీ ఉన్న చోట ఇంత తేడా ఎందుకు? దాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు ఏం చేయగలవు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికేదే ప్రాంతీయాభివృద్ధి అధ్యయనం. ఐరోపాలో అది తరగతి గదుల్లో ఆగిపోలేదు. నిధుల పంపిణీని మార్చే విధాన సలహాగా ఎదిగింది. ఆ కృషిలో తేలిన సారం ఇది: నిధులు ప్రాంతానికి అవకాశాన్ని మాత్రమే ఇస్తాయి, ఆ అవకాశాన్ని బతుకుతెరువుగా మార్చేవి అక్కడి చదువు, పాలన, జనం నమ్మకం.

ప్రాంతాల మధ్య వ్యత్యాసాలు తగ్గించాలన్న సంకల్పం నేటి ఐరోపా సమాఖ్యకు మూలమైన కూటమిని స్థాపించిన 1957 నాటి రోమ్ ఒప్పందం పీఠికలోనే ఉంది. దానికి తగిన నిధి రావడానికి మాత్రం 18 ఏళ్లు పట్టింది. 1973లో బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్ ఆ కూటమిలో చేరాక, 1975లో ఐరోపా ప్రాంతీయాభివృద్ధి నిధి మొదలైంది. 1981లో గ్రీస్, 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరడంతో వెనకబడిన ప్రాంతాల సంఖ్య బాగా పెరిగింది. ఉమ్మడి మార్కెట్ లాభమంతా ధనిక ప్రాంతాలకే పోతుందన్న భయమూ బలపడింది. ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాక్ దెలోర్ హయాంలో 1988లో జరిగిన సంస్కరణ ఈ నిధులు రెట్టింపయ్యేందుకు దారి వేసింది. విడివిడి ప్రాజెక్టుల స్థానంలో బహువార్షిక కార్యక్రమాలను తెచ్చి, వాటిలో స్థానిక పాలకులకూ భాగం ఇచ్చింది. 2021–27 కాలానికి ఈ ప్రాంతీయాభివృద్ధి విధానం కింద కేటాయింపు సుమారు 39,200 కోట్ల యూరోలు. ఇది ఐరోపా సమాఖ్య (ఈయూ) దీర్ఘకాలిక బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు.

ఇంత డబ్బు ఎవరికి వెళ్లాలో నిర్ణయించేది కొలత. గణాంకాల కోసం ఐరోపాను సాధారణంగా 8 లక్షల నుంచి 30 లక్షల జనాభా ఉండే ప్రాంతాలుగా విభజించారు. తలసరి స్థూలోత్పత్తి ఈయూ సగటులో 75 శాతం దాటని ప్రాంతానికి సాయం ఎక్కువగా అందుతుంది. గీత స్పష్టంగా ఉంది గానీ అంకె వెనక కథ వేరుగా ఉండొచ్చు. పని ఒక చోట, నివాసం మరో చోట ఉన్నవారి ఉత్పత్తి పనిచేసే చోటే లెక్కలోకి వస్తుంది. అందుకే పెద్ద నగరాల నడిబొడ్డు ఉన్నదానికన్నా ధనికంగానూ, శివార్లు ఉన్నదానికన్నా పేదగానూ కనిపిస్తాయి. 2015లో ఐర్లండ్ స్థూలోత్పత్తి సుమారు 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. బహుళజాతి సంస్థలు తమ మేధా హక్కులు, ఆస్తులు అక్కడికి మార్చుకోవడమే దానికి ముఖ్య కారణం. సామాన్యుడి ఆదాయం ఆ మేరకు పెరగలేదు. ఆ తర్వాత ఐర్లండ్ గణాంక శాఖ ఈ వక్రత తొలగించిన మరో కొలమానాన్ని రూపొందించింది. అంకెలో ఏముందో తెలుసుకోవడం పరిశోధకుడి మొదటి బాధ్యత.

రెండో బాధ్యత ఫలితాన్ని నిష్పక్షపాతంగా తేల్చడం. సాయం అందుకున్న ప్రాంతం ఎదిగితే ఆ ఎదుగుదల సాయం వల్లనే వచ్చిందని ఎలా చెప్పాలి? సాషా బెకర్, పీటర్ ఎగ్గర్, మాక్సిమిలియన్ ఫాన్ ఎర్లిష్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ 75 శాతం గీతనే సాధనంగా వాడుకున్నారు. సగటులో 74 శాతం ఉన్న ప్రాంతానికీ 76 శాతం ఉన్న ప్రాంతానికీ పెద్ద తేడా ఉండదు. కానీ ఒకదానికి భారీ సాయం అందుతుంది, రెండోదానికి అందదు. ఆ తర్వాత రెంటి మధ్య వచ్చే తేడాను చాలావరకు సాయానికి ఆపాదించవచ్చు. 2010లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం సాయం వల్ల తలసరి స్థూలోత్పత్తి వృద్ధి ఏటా సుమారు 1.6 శాతం పాయింట్లు పెరిగింది, ఉపాధిలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2013 నాటి మరో అధ్యయనంలో వారు ఇంకా ముఖ్యమైన సంగతి తేల్చారు. సాయం పొందిన ప్రాంతాల్లో సుమారు 30 శాతమే దాన్ని వేగవంతమైన ఆదాయ వృద్ధిగా మార్చుకోగలిగాయి. విద్యావంతులైన కార్మికులు, సమర్థమైన పాలన ఉన్నవే అవి.

ఇక విధాన సలహాల విషయంలో 2009 సంవత్సరం కీలకమైనది. మనుషులు అవకాశాలున్న చోటికి వెళ్లగలిగితే చాలు, విధానాలు ప్రాంతాన్ని చూడనక్కర్లేదన్న ధోరణికి ఆ ఏటి ప్రపంచబ్యాంకు అభివృద్ధి నివేదిక బలమిచ్చింది. ఇటలీ ఆర్థికవేత్త ఫాబ్రిజియో బార్కా అదే ఏడాది ఐరోపా కమిషన్‌కు ఇచ్చిన నివేదిక దీనికి ఎదురు నిలిచింది. ప్రతి ప్రాంతానికీ వాడకుండా మిగిలిన శక్తి ఉంటుందనీ, దాన్ని వెలికితీయడానికి స్థానికుల జ్ఞానమూ బయటి నిపుణుల ఒత్తిడీ రెండూ కావాలనీ ఆ నివేదిక వాదించింది. అదే కాలంలో ఆర్థికవేత్తలు డొమినిక్ ఫొరే, పాల్ డేవిడ్, బ్రాన్విన్ హాల్ ‘స్మార్ట్ స్పెషలైజేషన్’ అనే ఆలోచనను ప్రతిపాదించారు. ప్రతి ప్రాంతమూ అన్ని రంగాల వెంటా పడకుండా, తన దగ్గరున్న నైపుణ్యానికి దగ్గరి రంగాలను ఎంచుకోవాలన్నది దాని సారాంశం. 2014 నుంచి పరిశోధన, ఆవిష్కరణ నిధులకు ఇలాంటి వ్యూహం ఉండటాన్ని ఈయూ షరతుగా పెట్టింది. సలహా షరతుగా మారగానే చాలా ప్రాంతాలు పొరుగువారిని చూసి ఇంచుమించు అవే రంగాల జాబితాలు రాసుకున్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

ఒక ప్రాంతం మారడం ఎంత కష్టమో చూపేది జర్మనీలోని రూర్. బొగ్గు, ఉక్కు మీద బతికిన, సుమారు 50 లక్షల జనాభా ఉన్న ప్రాంతం అది. 1957–58లో బొగ్గు సంక్షోభం మొదలయ్యాక ప్రాంతం దశాబ్దాలపాటు తేరుకోలేదు. ఎందుకన్నది పరిశోధకుడు గెర్నాట్ గ్రాబర్ 1993లో వివరించాడు. విడిభాగాల సంస్థలన్నీ గనులకూ ఉక్కు మిల్లులకూ మాత్రమే సరఫరా చేయడం అలవాటు చేసుకున్నాయి. సంక్షోభం తాత్కాలికమేనని అందరూ నమ్మారు. యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కలిసి పాత పరిశ్రమనే కాపాడుకున్నారు. ప్రాంతాన్ని నిలబెట్టిన బంధాలే దాన్ని కదలనివ్వలేదు. పైగా పెద్ద కంపెనీలు తమ భూములను కొత్త పరిశ్రమలకు ఇవ్వలేదు.

అక్కడ మార్పు మెల్లగా వచ్చింది. 1965లో బోహుమ్‌లో విశ్వవిద్యాలయం తెరిచారు. అంత జనాభా ఉన్న ప్రాంతంలో అప్పటికి ఒక్క విశ్వవిద్యాలయమూ లేదు. గనుల తవ్వకంతో నేల కుంగుతుండటం వల్ల భూగర్భ మురుగు కాలువలు వేయలేక ఎమ్షర్ నదినే మురుగు కాలువగా వాడుకున్నారు. 1990వ దశకంలో మొదలైన పునరుద్ధరణ 2021 చివరికి ఆ నదిని మురుగు నుంచి విముక్తం చేసింది. 1986లో మూతపడిన ఎస్సెన్‌లోని జోల్ఫరైన్ గని 2001లో యునెస్కో వారసత్వ స్థలమైంది. చివరి బొగ్గు గని బోట్రాప్‌లో 2018 డిసెంబర్ 21న మూతపడింది. అయినా గెల్జెన్‌కిర్షెన్ వంటి పట్టణాల్లో నిరుద్యోగం జర్మనీ సగటుకన్నా ఇప్పటికీ చాలా ఎక్కువే. ఇంత ధనిక దేశంలోనే ఒక ప్రాంతం మారడానికి అరవై ఏళ్లు చాలలేదన్న సంగతి సలహా ఇచ్చేవారు గుర్తుంచుకోవాలి.

జనం నమ్మకం లేని అభివృద్ధికి బ్రిటన్‌లోని వేల్స్ లోయలు సాక్ష్యం. ఎబ్బూ వేల్ ఉక్కు కర్మాగారం 2002లో మూతపడ్డాక అక్కడ రోడ్లకు, కళాశాలకు ఐరోపా నిధులు అందాయి. అయినా ఆ పట్టణమున్న బ్లైనై గ్వెంట్‌లో 2016 రిఫరెండంలో 62 శాతం మంది ఈయూను వీడటానికే ఓటేశారు. ఎవరూ పట్టించుకోని ప్రాంతాలు బ్యాలెట్ పెట్టె ద్వారా ప్రతీకారం తీర్చుకుంటాయని పరిశోధకుడు ఆండ్రెస్ రోడ్రిగెజ్-పోసె 2018లో హెచ్చరించాడు. భవనం కట్టినంత మాత్రాన భవిష్యత్తు మీద ఆశ పుట్టదు. నిర్ణయంలో పాలు లేనివారికి ఫలితం తమదన్న భావన కలగదు.

తెలుగు నేలకు ఈ విషయం కొత్త కాదు. ప్రాంతీయ అసమానతల వేదన నుంచే 1973 నాటి సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 371డి అధికరణం వచ్చింది. ఆ వేదనే 2014 విభజన దాకా సాగింది. రాయలసీమ, ఉత్తరాంధ్ర, సింగరేణి గనుల ప్రాంతం మీద రాబోయే నివేదికలు రాసేవారిలో నేడు పట్టాలు అందుకుంటున్న యువతా ఉంటుంది. అంకెను నమ్మే ముందు అందులో ఏముందో విప్పి చూడటం, సాయం ఫలించనప్పుడు ఆ మాట దాచకుండా రాయడం, పొరుగు రాష్ట్రం నివేదికను పేరు మార్చి ఇవ్వకపోవడం, సిఫారసు చేసే ముందు ఆ ఊరివాళ్ల మాట వినడం వారి వృత్తిధర్మం. వెనకబడిన ప్రాంతాలకు దక్కవలసిన న్యాయం చాలావరకు ఆ నిజాయితీ మీదే ఆధారపడి ఉంది. పట్టభద్రులు దానికి కట్టుబడి ఉండాలి.