మంచుపై నడచు పురుగులు

చలి ముదిరినంతనే పురుగులన్నియు కనుమరుగగునని మన నమ్మకము. ఉత్తర అమెరికా తూర్పు భాగమున మాత్రము, ఏటి గట్లపై మంచు పేరుకొనియున్న జనవరి, ఫిబ్రవరి మాసములలోనే చిన్న నల్లని పురుగులు నీటినుండి వెలువడి ఆ మంచుపై నడచుచుండును. ఇవి అల్లోకాప్నియా యను ప్రజాతికి చెందిన రాతి ఈగలు. ఈగ యనుట పేరునకే; మన యింటి ఈగకును వీనికిని దగ్గరి చుట్టరికము లేదు.

ఎండ కాచిన దినమున వంతెన గోడలపై వెదకినచో ఇవి సులభముగా చిక్కును. పేరు తెలిసికొనుటయే కష్టము. ఈ ప్రజాతిలో నలుబదికి పైగా జాతులు కలవు. అన్నియు నలుపే, అన్నియు సన్ననివే. కొన్ని జాతుల మగవానికి రెక్కలు మిక్కిలి పొట్టివి గాన, రెక్కలను నమ్ముకొనుటయు చెల్లదు. సారాయములో భద్రపరచిన మగపురుగును సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఉదరపు కొనను పరీక్షింపవలెను. ఎనిమిదవ ఖండము వీపున నొక బొడిపె యుండును. తుదినుండి ముందునకు వంగిన కొక్కెము వంటి యవయవ మొకటి దానిపైకి వచ్చును. ఈ రెంటి యాకారమే జాతిని తెలుపును. ఆడుదానికి ఏడవ, ఎనిమిదవ ఖండముల అడుగుభాగము చూతురు. నీటిలోని పిల్లపురుగు దొరకినచో ప్రజాతితోనే యాగుట నిజాయితీ.

ఇంత పట్టుదల యెందుకందురా? 1971లో రాస్, రికర్ అను శాస్త్రజ్ఞులు ఏ జాతి ఏ యేటిలో నున్నదో పటములపై గుర్తించి, హిమయుగమున నవి యెటు తరలినవో ఊహించిరి. బొడిపెను పొరబడి చూచినచో, ఎన్నడు నెరుగని యేటిలో ఆ పురుగు పటమెక్కును.