సెల్లులో సంపాదన: ఆశ చాలదు, అలవాటు కావాలి

(యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనకిచ్చిన అంశం ‘ఆన్‌లైన్‌లో సంపద’. ఈ మాట చెప్పగానే ముందు వరుసలో కూర్చున్న తమ్ముళ్ల మొహాలు వెలిగాయి. వెనకాల కూర్చున్న అమ్మల మొహాలు ముడుచుకున్నాయి. రెండింటికీ కారణం ఉంది. ఆ రెండు కారణాల గురించే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. డబ్బు గురించి ఆలోచించడం తప్పా? మన పేటల్లో చాలామంది ‘అది షావుకార్ల పని, మనకెందుకు’ అంటారు. ఈ మాట మనం పుట్టించింది కాదు, మనకు నూరిపోసింది. శూద్రుడు సమర్థుడైనా సరే ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి పదో అధ్యాయంలోనే రాసి పెట్టారు. శూద్రుడికే ఆ గతి అయితే ఇక మన సంగతి చెప్పాలా? కావున కూడబెట్టుకోవడం అత్యాశ కాదు. మనకు లేకుండా చేసిన హక్కు అది.

బాబాసాహెబ్ అంబేద్కర్ రూపాయి సమస్య మీద పరిశోధన చేసి 1923లో పుస్తకం వేశారు. అంతకుముందే, 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి చేరాక, స్టాకులు, వాటాల మీద సలహాలిచ్చే సంస్థ ఒకటి పెట్టారు. సలహా ఇచ్చే మనిషి అంటరానివాడని తెలిసి జనం రావడం మానేశారని, సంస్థ మూతపడిందని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. చదువూ తెలివీ ఉన్నా కులం బజారులోంచి గెంటేసింది.

ఇప్పుడు సెల్లు వచ్చింది. ఖాతా తెరవడానికి కరణం గడప తొక్కక్కర్లేదు. వాటాలు కొనడానికి బొంబాయి పోనక్కర్లేదు. తమ్ముళ్ల మొహాలు వెలగడానికి కారణం ఇదే. బాగానే ఉంది. కాని తలుపు తెరిచిన ప్రతివాడూ మన మేలు కోరి తెరిచాడా?

షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఒక బేరం ఉంది. పొద్దున కొని సాయంత్రానికి లక్షాధికారి కావచ్చని వీడియోల్లో చెప్తుంటారు. సెబీ 2024 సెప్టెంబరులో లెక్క బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఈ బేరం చేసిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. 2023-24లో ఇందులో దిగినవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఏడాది ఆదాయం 5 లక్షలలోపు అని చెప్పుకున్నవాళ్లే. మరి లాభం ఎవరికి పోయింది? కంప్యూటర్లతో క్షణాల్లో బేరమాడే పెద్ద కంపెనీలకు, విదేశీ సంస్థలకు. చిన్నవాడి జేబులోంచి పెద్దవాడి పెట్టెలోకి పోవడం మనకు కొత్తా? అప్పుడు కౌలు కాగితం మీద పోయింది, ఇప్పుడు అద్దం మీద పోతోంది.

ఇంకోటి చూడండి. మా దగ్గర డిగ్రీ చదివిన తమ్ముడొకడికి ‘ఇంట్లో కూర్చుని పని’ అని మెసేజ్ వచ్చింది. హోటళ్లకు చుక్కలు పెడితే డబ్బు. మొదటి రోజు 150 రూపాయలు నిజంగానే పడ్డాయి. నాలుగో రోజు 5,000 కట్టమన్నారు, 6,500 వచ్చాయి. నమ్మకం కుదిరింది. ఆ తర్వాత పత్తి అమ్మిన డబ్బు లక్షా ఇరవై వేలు పోశాడు. తీసుకుందామంటే ‘ముందు పన్ను కట్టు’ అన్నారు. సిగ్గుపడి పన్నెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. ఆ పన్నెండు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు దాటిపోయిందో! మోసం జరిగిన గంటలోనే 1930 నెంబరుకు ఫోన్ చేస్తే డబ్బును ఎక్కడికక్కడ ఆపే అవకాశం ఉంటుంది. తమ్ముళ్లారా, మోసపోవడం నేరం కాదు. దాచిపెడితే దొంగకు టైం ఇచ్చినట్టు.

ఆ డబ్బు దాటిపోయే ఖాతాలు ఎవరివి? అక్కడ కూడా మన పిల్లలే దొరుకుతున్నారు. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాను, ఏటీఎం కార్డును ఐదు వేలకు అద్దెకిస్తే చాలంటారు. పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేర ఉందో వాళ్లింటికే. అసలువాడు ఎక్కడో ఉంటాడు. కేసుతో ఆ పిల్లవాడి ఉద్యోగం ఆశ కూడా పోతుంది.

లోన్ యాప్ సంగతి లెక్క వేసి చూద్దాం. 5,000 అప్పు అంటాడు. ఖర్చుల కింద కోసుకుని చేతికి 3,500 ఇస్తాడు. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. అంటే వారంలో నూటికి 43. మనం తిట్టుకునే మూడు రూపాయల వడ్డీ షావుకారు ఏడాదికి గుంజేది నూటికి 36! 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పిచ్చే యాప్ మన ఫోన్‌లోని నెంబర్లు, ఫొటోల జోలికి రాకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అవి అడిగిన యాప్‌ను ఆ నిమిషమే తీసేయండి. అమ్మల మొహాలు ఎందుకు ముడుచుకున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా.

మరి మానుకుందామా? వద్దు. పద్ధతి నేర్చుకుందాం. పద్ధతి మన ఆడవాళ్ల దగ్గరే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం తర్వాత ఆ జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. లాటరీ తగలలేదు, ఎవరూ దానం చేయలేదు. రోజూ రూపాయి, వారం వారం మీటింగు, అందరి ముందూ తెరిచే పద్దు పుస్తకం. ఆన్‌లైన్‌లో సంపదకు కావలసిన బుద్ధి కూడా ఇదే. సెల్లు పనిముట్టు మాత్రమే. అలవాటు మనది.

కాబట్టి ఈ అలవాట్లు పట్టుకుందాం.

ఒకటి. పద్దు రాయాలి. యూపీఐ 2016లో వచ్చాక డబ్బు చేతికి తగలకుండానే పోతోంది. పదీ ఇరవై అని నొక్కుతాం, నెల తిరిగేసరికి రెండు వేలు. రోజూ రాత్రి ఫోన్ తెరిచి నోటు పుస్తకంలో రాయండి.

రెండు. ముందు అప్పు తీర్చాలి. 36 శాతం అప్పు నెత్తిన పెట్టుకొని ఆరేడు శాతానికి దాచుకుంటే దాచుకున్నట్టు కాదు. ఆ అప్పు తీర్చడమే మొదటి లాభం.

మూడు. అప్పు తీరాక నెలనెలా ఒకే తేదీన దాచాలి. నెలకు 500 చొప్పున పదేళ్లు కడితే మన సొమ్ము 60 వేలు. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే సుమారు 84 వేలవుతుంది. ఇది చిన్న మొత్తమే. కాని పిల్ల ఫీజు నాడు ఎవరి గడపా తొక్కక్కర్లేని మొత్తం.

నాలుగు. సంపాదించాలంటే ముందు డబ్బు కట్టమన్నవాడి దగ్గర ఆగాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. పంపడానికే పిన్ కావాలి. ఈ ఒక్క ముక్క ఇంట్లో ముసలమ్మకు కూడా నేర్పండి.

ఐదు. మన చేతి పని అమ్మాలి. కుట్టుపని, తోలుపని, సంచులు, ఫర్నిచర్, ఏదైనా సరే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని 2012 నాటి విధానంలోనే ఉంది. ఆ కొనుగోళ్లు 2016లో పెట్టిన జెమ్ పోర్టల్‌లో జరుగుతున్నాయి. మనం పేరు నమోదు చేసుకోకపోతే ఆ 4 శాతం కాగితం మీదే ఉంటుంది. ఒక్కరి వల్ల కాకపోతే పదిమంది కలిసి చేయండి. చదువుకున్న ఒక చెల్లి కంప్యూటర్ పని చూస్తుంది, కుట్టేవాళ్లు కుడతారు. ధర కట్టేటప్పుడు రవాణా, తిరిగొచ్చే సరుకు ఖర్చు కూడా కలపడం మర్చిపోవద్దు.

ఇదంతా చేస్తే కోటీశ్వరులమవుతామా? కాము. భూమి లేని లోటు సెల్లు తీర్చదు. భూమి, కూలి, ఉద్యోగాల పోరాటం అలాగే ఉంటుంది. కాని అప్పుకోసం దొర ముందు నిలబడే మనిషి ఓటప్పుడు, కేసప్పుడు, సాక్ష్యమప్పుడు నోరు విప్పలేడు. ఇది మనందరం చూసిందే. చేతిలో ఆర్నెల్ల తిండి ఖర్చు ఉన్న మనిషి మాట వేరుగా ఉంటుంది. మనం కూడబెట్టమనేది అందుకే.

ఈ రాత్రే మొదలుపెట్టండి. ఈ నెలలో ఫోన్ నుంచి ఎంత పోయిందో ఇంట్లో అందరూ కూర్చుని లెక్క రాయండి. వచ్చే తరగతికి ఆ పుస్తకాలు పట్టుకొని రండి. మేమూ మా పద్దు తెస్తాం.

జై భీమ్!