మనస్సు నలిగిన పేదవాని దారిఖర్చు

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



2020 డిసెంబరులో ఏలూరు పట్టణములో వందలాదిమంది మూర్ఛవచ్చి పడిపోయిన దినములు మీరెరుగుదురు. వారిని వెంటనే ఆసుపత్రికి చేర్చితిమి. "నీకు విశ్వాసము తక్కువ" అని ఎవరిని నిందించితిమి? అయితే ఒకడు నిద్రపట్టక, అన్నము సహింపక, చావవలెనని తలంచుచున్నాడని తెలిసినప్పుడు మనమేమి చేయుచున్నాము? గాలి సోకినదందుము, ప్రార్థన చాలలేదందుము, ఆడపిల్ల అయినచో సంబంధములు చెడునని దాచిపెట్టుదుము.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద మరణము కోరినప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. భోజనము పెట్టెను, నీళ్లిచ్చెను, మరల పండుకొననిచ్చెను. ప్రార్థన మానుడని నేననుటలేదు. మందును ప్రార్థనకు శత్రువుగా ఎంచవద్దనుచున్నాను.

పేదవారికి ఈ వైద్యము దయాధర్మము కాదు, హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ప్రభుత్వము నడుపు ఆసుపత్రులలోను, ప్రభుత్వ నిధులతో నడచు సంస్థలలోను ఈ చికిత్స ఉచితము. కార్డు లేకపోయినను ఆ హక్కు పోదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటాడవచ్చును. రుసుము లేదు.

అయితే ఆ ఉచితము ఆసుపత్రి గుమ్మము దగ్గర మొదలగును. కొల్లేటి లంకలలో చేపల చెరువు కావలివాడు ఏలూరు వచ్చిపోవలెనన్న ఒకరోజు కూలి పోవును, దారిఖర్చు పైన పడును. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో మూటలు మోయువానికిని కూలి పోవుట తప్పదు. దిగులు జబ్బుకు ఇచ్చు మందులు కొన్ని వారములకు గాని గుణమియ్యవు, నెలల తరబడి వాడవలసియుండును. రెండవసారి దారిఖర్చు లేక మధ్యలో మానుకొనినచో మొదటి ప్రయాణము వ్యర్థమగును.

మన తల్లులు ఎసట పోయుటకు ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టి, ఆ కానుకతో సంఘములను నిలిపిరి. అందులో కొంత ఈ పనికి ప్రత్యేకింపరాదా? ప్రతి సంఘములో స్త్రీల మైత్రినుండి ఇద్దరు, యౌవనులలోనుండి ఇద్దరు రోగికి తోడుగా ఆసుపత్రికి వెళ్లవలెను. దారిఖర్చును, పోయిన కూలిని సంఘము భరించవలెను. ముఖ్యముగా, రోగి పేరు ప్రార్థనకూటములో బయటపెట్టరాదు. గుట్టు దక్కునని నమ్మకము లేనిచోట ఎవడును నోరు విప్పడు.

పండుగకు ఆలయములకు రంగులు వేసికొంటిమి, మంచిదే. రానున్న కమిటీలో ఆ నలుగురి పేర్లు కూడ వ్రాసికొనుడి.

ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.