మంద కాపు – మృగం మాట



ఈ రోజు నేను పసుపు కొమ్ము గురించి గాని, మక్క పైరు గురించి గాని చెప్పబోవటం లేదు. మొన్న ధర్పల్లి పక్క ఊళ్లో రచ్చకట్ట మీద ఒక తగవు నడిచింది. దాని సంగతి చెప్పుకొందాం.

ఒక ముసలి కాపరి మందలో తెల్లవారేసరికి రెండు గొర్రెలు పోయినవి. "తోడేలే సారూ, నా కండ్లతో చూసిన" అని అతని మాట. "మన దిక్కు తోడేలెక్కడిది తాతా? ఊరకుక్కలై ఉంటాయి" అన్నాడొక పసుపు రైతు. బడిపంతులు మాత్రం "తోడేలైతే మంచిదే గదా, కుందేళ్లు, ఎలుకలు అదుపులో ఉంటాయి" అన్నాడు. ముసలాయనకు కోపం వచ్చింది. "నీకు మంచిదే పంతులూ, పోయింది నీ గొర్రె కాదు గద!" అన్నాడు. ఈ ఒక్క మాటలో తగవంతా ఉన్నది. మృగం బ్రతికితే లాభం అందరిది, నష్టం మాత్రం ఒక్క కాపరిది.

మొదట మృగం సంగతి చూద్దాం. తోడేలు చిక్కని అడవిలో ఉండదు. బీళ్లు, తుప్పలు, మెట్ట పొలాల అంచులు దాని నివాసం. మన గొర్లు మేసేదీ అక్కడే. ఆ బీడు కరిగిపోతే కాపరికి మేపు లేదు, తోడేలుకు కుందేలు లేదు, జింక లేదు. అప్పుడది మంద వైపు చూస్తుంది. దేశం మొత్తం మీద తోడేళ్లు సుమారు 3,000 మాత్రమే ఉన్నట్లు శాస్త్రజ్ఞుల అంచనా. పెద్దపులి సంఖ్య కూడా అంతకు కొంచెం పైనే.

తోడేలు సాధారణంగా గొంతు పట్టి ఒక గొర్రెను ఎత్తుకుపోతుంది. కుక్కల గుంపు వెనుక తొడలు, పొట్ట చీల్చి, అనేక జీవాలను గాయపరచి వదలిపోతుంది. ఇది ప్రతిసారీ ఇట్లాగే ఉంటుందని కాదు. కాబట్టి తేల్చవలసినది పశువైద్యుడు, అటవీశాఖవారు. మనం తొందరపడి తీర్పు చెప్పరాదు.

ఇక మన రాష్ట్రంలోనే ఇంతకన్న పెద్ద తగవు నడిచింది. 2012లో అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాలును పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఆ తరువాత మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులలోకి రావటం మొదలైంది. అడవికి అది శుభమే. కాని 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడ వద్ద ఒక యువకుడు, అదే నెలలో పెంచికలపేట మండలం కొండపల్లి వద్ద ఒక యువతి పులి బారిన పడి చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న మరో యువతి ప్రాణం పోయింది. పత్తి చేనులో నడుము వంచి పనిచేసే మనిషిని తలచుకోండి. ఆమె అడవిలోకి పోలేదు, తన పనికి తాను పోయింది.

రెండవ వైపు కూడా చూడవలె. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చినవి. అందులో ఒకటి విషం వల్ల చచ్చిందని తేలింది. పులి చంపిన పశువు కళేబరం మీద విషం చల్లారు. పశువు పోయినవాని కడుపుమంట నాకు తెలుసు. కాని ఆ విషం పులి దగ్గర ఆగదు. రాబందు తింటుంది, మీ మంద కుక్క తింటుంది, వాగు నీటిలో కలుస్తుంది. వ్యవసాయశాఖ మనిషిగా చెప్తున్నాను, గుళికల మందు పైరు పురుగుకు తప్ప మరి దేనికీ వాడరాదు.

2025 మే నెలలో ప్రభుత్వం ఆసిఫాబాదు జిల్లాలో సుమారు 3 లక్షల 70 వేల ఎకరాలను కుమురం భీం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ 49వ నంబరు ఉత్తరువు ఇచ్చింది. తాడోబాకు, కవ్వాలుకు మధ్య పులుల దారి కాపాడటం దాని ఉద్దేశం. మా పోడు భూములేమి కావాలి, మా ఊళ్లేమి కావాలి అని ఆదివాసులు ఆందోళన చేశారు. జూలైలో ఆ ఉత్తరువును నిలుపుదల చేశారు. నాకు తోచిన మాట ఒకటి. దారి పులికి అవసరమే. కాని ఆ దారిలో బ్రతికేవారిని ముందు కూర్చోబెట్టి అడగకపోతే కాగితం మీద గీత గీతగానే ఉంటుంది.

ఇతర దేశాలలోనూ ఇదే గొడవ. ఫ్రాన్సుకు 1992లో ఇటలీ నుండి తోడేళ్లు తిరిగి వచ్చినవి. జర్మనీలో 2000 సంవత్సరంలో మళ్లీ పిల్లలు పెట్టినవి. కాపరులు మొరపెట్టుకొన్నారు. 2025లో ఐరోపా సంఘం తోడేలుకు ఉన్న కట్టుదిట్టమైన రక్షణను ఒక మెట్టు తగ్గించింది. అయినా అక్కడి కాపరి మందకు కంచె, కాపు కుక్కలు మానలేదు. చట్టం బిగిసినా సడలినా రాత్రి మందను కాయవలసింది కాపరే.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తోడేలు, చిరుత, పెద్దపులి మొదటి జాబితాలో ఉన్నవి. చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల వరకు జైలు. మనుషులకు ప్రమాదమైన మృగాన్ని పట్టించే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉన్నది. 2024లో ఉత్తరప్రదేశ్ బహరాయిచ్ జిల్లాలో తోడేళ్ల వల్ల పసిపిల్లలు చనిపోయినప్పుడు అటవీశాఖవారే బోనులు పెట్టి పట్టుకొన్నారు. ఆ పని మనం కర్రలతో, కరెంటు తీగలతో చేయరాదు. అడవి పందుల కోసం మక్క చేను చుట్టూ తీగ కట్టి, పొద్దున తానే దాని మీద కాలు పెట్టి పోయిన రైతులున్నారు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెప్తాను, గుర్తుంచుకోండి.

రాత్రి మందను బయట చెల్లాచెదరుగా పండుకోనివ్వకండి. తుమ్మ కంపతో మనిషి ఛాతీ ఎత్తు దొడ్డి కట్టండి, కింద సందు లేకుండా చూడండి. పిల్లలను నడుమ ఉంచండి. ఈనబోయే గొర్రెను ఇంటి దగ్గరే కట్టండి. దీపం, ఇద్దరు మనుషులు, రెండు మంచి కుక్కలు ఉండవలె. ఆ కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించండి. ఏ మృగం కరిచినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పొండి. చచ్చిన పశువును ఊరి పక్కన పారవేయకండి. అదే కుక్కల గుంపును, మృగాన్ని పిలుస్తుంది.

జీవం పోతే మాత్రం కళేబరాన్ని కదిలించకండి. గంపో, కంపో కప్పి, ఫోటో తీసి, అదే రోజు బీటు అధికారికి, పశువైద్యునికి కబురు పెట్టండి. పంచనామా జరిగితేనే పరిహారం. మొన్నటి ముసలాయన దుఃఖంలో మిగిలిన ముక్కలు తీసుకుపోయి పాతిపెట్టాడు. అధికారి వచ్చేసరికి చూపటానికి ఏమీ లేదు. ఆయనకు దక్కవలసిన సొమ్ము దక్కలేదు. ఈ సంగతి ముందే ఆ ఊళ్లో చెప్పనందుకు తప్పు నాది కూడా. అందుకే ఈ రోజు మీ అందరికీ చెప్తున్నాను.

గ్రామ కార్యకర్తలకు ఒక మనవి. అర్జీ నింపటం రాని కాపరికి మీరే నింపి ఇవ్వండి. సొమ్ము ఆలస్యమైతే వెంటపడండి. పరిహారం పండుగ లోపల చేతికి వస్తే కాపరి విషం సీసా ముట్టడు. రెండేండ్లకు వస్తే మనం చెప్పిన మాట ఎవరూ వినరు.

ఆ ముసలాయన ఇప్పుడు కొత్త దొడ్డి కడుతున్నాడు. కంప కొట్టి తెచ్చింది ఆ పసుపు రైతు. పంతులు అర్జీ రాస్తున్నాడు. తగవు మాత్రం ఇంకా తెగలేదు.