తీగ యంత్రము, బ్యాటరీ యంత్రము

ఇల్లు కట్టుచున్న చోట ఉదయము తొమ్మిది గంటలకు వినవచ్చు శబ్దములు ఒక తరములోనే మారిపోయినవి. ఉలిమీద సుత్తి పడు టకటకలు, రంపపు కోత, చిత్రిక పట్టునప్పటి సరసర నేడు అరుదైనవి. వాని స్థానమున బండను కోయు యంత్రపు కీచురవము, గోడను తొలుచు యంత్రపు దడదడ వినబడుచున్నవి. ఈ యంత్రములన్నియు ఇటీవలి వరకు గోడనున్న ప్లగ్గునకు తీగతో కట్టువడియుండెడివి. ఇప్పుడు మేస్త్రీ సంచిలోనుండి తీగయే లేని యంత్రమును తీసి, పిడి క్రింద పిడికెడంత బ్యాటరీని బిగించి పని మొదలుపెట్టుచున్నాడు. ఇల్లు కట్టించుచున్న మిత్రులు మమ్ము తరచుగా అడుగుచున్నారు: "ఈ రెంటిలో ఏది మేలు? బ్యాటరీ మిషన్లున్న మేస్త్రీని పిలిచిన పని బాగుండునా?"

ప్రశ్న చిన్నదే. కాని జవాబు చెప్పుటకు యంత్రముకన్న ముందు, ఆ యంత్రమునకు మనము ఇచ్చుచున్న కరెంటును చూడవలెనని మా అనుభవము. ఆ అనుభవము మాకు ఎట్లు కలిగినదో కొంచెము తరువాత చెప్పుదుము.

విద్యుత్తుతో తిరుగు చేతి బర్మా క్రొత్తది కాదు. జర్మనీ దేశమున స్టుట్‌గార్ట్ నగరమందలి ఫైన్ సంస్థ 1895లోనే దానిని తయారుచేసెను. తుపాకివలె పిడి, వ్రేలితో నొక్కు మీట గల రూపమునకు అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1917లో పేటెంటు పొందెను. ఆ సంస్థయే 1961లో తీగలేని బర్మాను బయటపెట్టెను. ఇది చంద్రయాత్రలకొరకు పుట్టిన వస్తువని పలువురు చెప్పుకొందురు గాని అది నిజము కాదు. తీగలేని బర్మా ముందే ఉన్నది. 1971లో అపోలో 15 యాత్రికులు అట్టి యంత్రమును చంద్రునిపైకి తీసికొనిపోయిరి. అక్కడ డేవిడ్ స్కాట్ ఎంత శ్రమపడినను రంధ్రము అనుకొన్నంత లోతు దిగలేదు. తప్పు బ్యాటరీది కాదు. నేలలో దిగవలసిన కడ్డీల అతుకులది.

ఆ కాలపు బ్యాటరీలు నికెల్, కాడ్మియములతో చేసినవి. బరువెక్కువ, బలము తక్కువ. 1991లో జపానునందు సోనీ సంస్థ లిథియము అయాన్ బ్యాటరీని అమ్మకమునకు తెచ్చిన పిమ్మట కథ మారెను. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించెను. మన జేబులోని ఫోనును నడపు ఆ బ్యాటరీయే, మరికొంత పెద్దదై, వడ్రంగి చేతి యంత్రమును త్రిప్పుచున్నది.

మోటారులోను భేదము కలదు. తీగ యంత్రములలో పెక్కింటియందు తిరుగు భాగమునకు కరెంటు అందించుటకు రెండు బొగ్గు ముక్కలు ఒరసికొనుచుండును. వానినే మేస్త్రీలు కార్బన్లు అందురు. అవి అరిగిన కొలది నిప్పురవ్వలు రాలును. ప్రక్కయింట బండ కోయుచుండగా మీ రేడియోలో మధ్యతరంగములపై వార్తలు గరగరలలో మునిగిపోయినచో, ఆ రవ్వలే కారణము కావచ్చును; మా వృత్తికి వారు చేయు ఉపకారము అది. మంచి బ్యాటరీ యంత్రములలో ఈ బొగ్గు ముక్కలు ఉండవు. ఒరపిడి తగ్గుటచేత ఉన్న శక్తి ఎక్కువసేపు వచ్చును. అయితే తీగ యంత్రమున కార్బన్లు అరిగినచో ఊరిలోని దుకాణమున స్వల్పమైన వెలకు దొరకును, అరగంటలో మార్చవచ్చును. రెండవదానిలో లోపల ఎలక్ట్రానిక్ పలక చెడినచో బాగుచేయువారు దొరకుట కష్టము.

ఇక లెక్కకు వత్తము. నేడు ఎక్కువగా కానవచ్చు బ్యాటరీ 18 వోల్టులది. ఒక్కొక్కటి 3.6 వోల్టులుగల ఘటములను అయిదింటిని వరుసగా కూర్చినచో 18 అగును. నిండుగా ఛార్జి అయినప్పుడు కొంచెము పెరుగును గనుక కొందరు అదే బ్యాటరీపై 20 వోల్టులని అచ్చువేయుదురు. 18 చిన్నది, 20 పెద్దది అని భ్రమపడి ఎక్కువ వెల ఈయనక్కరలేదు. చూడవలసినది ఆంపియర్-గంటల అంకె. 18 వోల్టులు, 5 ఆంపియర్-గంటలు అయినచో గుణించగా 90 వాట్-గంటలు. మన ఇంటి బిల్లులో ఒక యూనిట్ అనగా వేయి వాట్-గంటలు. కాబట్టి ఆ బ్యాటరీలో ఉన్నది యూనిట్‌లో పదవ వంతుకంటె తక్కువ.

ఇంత కొంచెపు శక్తితో ఏమి పని జరుగునని తోచవచ్చును. కిటికీ చట్రము బిగించుటకు గోడలో ఒక చిన్న రంధ్రము వేయవలెననుకొందము. పది సెకండ్ల పని. యంత్రము 500 వాట్లు తీసికొనునని లెక్కవేసినను ఖర్చు ఒకటిన్నర వాట్-గంట లోపుననే. ఆ చొప్పున ఒక్క బ్యాటరీతో అరువదికి పైగా రంధ్రములు పడును. మరలు బిగించుటకు ఇంకను తక్కువ చాలును. కాని అదే బ్యాటరీని 850 వాట్లు పూర్తిగా తీసికొను గ్రైండరునకు తగిలించినచో ఆరు నిమిషములు దాటగానే ఖాళీ అగును. దినమంతయు కడప బండలు కోయు మేస్త్రీకి ఆరు నిమిషములు ఏ మూలకు? మరి పెద్ద బ్యాటరీలు లేకపోలేదు. వాని వెలయు బరువును కూడ పెద్దవే. పగులగొట్టుట, గంటలకొలది కోయుట, నున్నచేయుట, ఇవి తీగ యంత్రముల పనులు. ఆగి ఆగి చేయునవి, నిచ్చెన ఎక్కి చేయునవి, కరెంటు ఇంకను రాని గదిలో చేయునవి బ్యాటరీవి.

మా ఇంట పనిచేసిన పెద్ద వడ్రంగి మేస్త్రీని ఈ విషయమై అడిగితిమి. అరువదేండ్లు దాటినవాడు, చేతి బర్మాతో పని నేర్చినవాడు. "తీగ ఆవుకి కట్టిన పలుపులాంటిదండి బాబుగారూ. అదెంత పొడుగుంటే అంతవరకే మేత. కాకపోతే పలుపున్న ఆవుకి ఇంటికాడ కుడితి తప్పదు. పలుపులేని దానికి సాయంత్రందాకా ఎక్కడ దొరికితే అక్కడే" అనెను. పగలు కరెంటు పోయిన మూడు గంటలు అతడు బ్యాటరీతో తలుపుల బందులన్నియు బిగించి ముగించినాడు. క్రింద గ్రానైటు మేస్త్రీ మాత్రము బీడీ కాల్చుచు కూర్చున్నాడు.

ఇంతవరకు చెప్పినది సౌకర్యమునకు సంబంధించినది. ఇక చెప్పబోవునది ప్రాణమునకు సంబంధించినది.

కొన్ని యేండ్ల క్రిందట మేము పైయంతస్తు వేయించుచుంటిమి. పైన కరెంటు లేదు. క్రింద నీటిమోటారు ప్లగ్గునుండి తీగ లాగి ఇచ్చితిమి. ఒక తీగ చాలనందున ఇంటిలోనున్న మరొక పాత తీగను దానికి కలిపి, అతుకుపై నల్లని టేపు చుట్టించితిమి. మేస్త్రీ అడుగలేదు; మేమును ఆలోచింపలేదు. స్నానపుగది నేలకు బండలు కోయుచున్నారు. రాయి పొడిగా కోసినచో లేచు ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి చెరుపు. ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను కుదురని జబ్బు వచ్చును. అందుచేత మేస్త్రీ నీటితో కోయుచుండెను. మూతకు చిల్లుపెట్టిన సీసాతో ఒక యువకుడు చక్రముపై నీరు పోయుచుండెను. అది సరియైన పనియే. కాని ఆ నీరు రాతిపిండితో కలిసి బురదయై, మెల్లగా ప్రాకి, నేలపై పడియున్న మా అతుకును చేరెను. ఆ యువకుని కాళ్లకు చెప్పులు లేవు.

కేక విని మేము పైకి పోవునప్పటికి మేస్త్రీ తీగను కఱ్ఱతో దూరముగా నెట్టివైచి, పిల్లవానిని గోడకు చేర్చి కూర్చుండబెట్టెను. అదృష్టవశమున ప్రాణము నిలిచెను. వైద్యునికి చూపించితిమి, రెండుదినములలో తిరిగి పనికి వచ్చెను. మమ్ము చూచినప్పుడెల్ల నవ్వెడివాడు. మాకు మాత్రము ఆ నవ్వు ఎదుట నిలుచుట కష్టముగా ఉండెను. తీగ మేము ఇచ్చినదే గదా.

అప్పుడు మాకు కలిగిన సందేహము, ఇంటిలో ట్రిప్ అగు స్విచ్చి ఉన్నను కరెంటు ఏల ఆగలేదని. మా యింట ఉన్నది ఎంసీబీ. అది 16 ఆంపియర్లు దాటిన భారమునుండి తీగను కాపాడును; మనిషిని కాపాడదు. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియర్‌లో పదవ వంతైనను అక్కరలేదు. పోయిన కరెంటు తిరిగి వచ్చిన కరెంటుతో సమానముగా లేనప్పుడు, అనగా కొంత మనిషి ద్వారా నేలలోనికి పోవుచున్నప్పుడు, కనుగొని కట్టివేయునది ఆర్‌సీసీబీ. దానిపై 30 మిల్లీ ఆంపియర్లు అని ఉండవలెను. దానికి పరీక్షమీట ఒకటి ఉండును. నెలకొకమారు నొక్కి చూడవలెను. తీగ యంత్రమును పనికి పెట్టు ప్రతి ఇంట ఇది ఉండవలసినదే. బ్రిటనులో కట్టుబడి స్థలములందు చేతి యంత్రములకు 230 వోల్టులు ఈయక, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 110కి దించి, నేలకు 55 వోల్టులు మించకుండ చేయు ఆచారము కలదు. మనకు ఆ ఆచారము లేదు. కావున మన చేతిలోనున్నది ఆ చిన్న పెట్టెయే.

తీగ పొడవునకు మరొక శిక్ష కలదు. సన్నని తీగ, ఒక చదరపు మిల్లీమీటరు రాగిది, 50 మీటర్లు లాగినచో పోవుటకు వచ్చుటకు కలిసి సుమారు 2 ఓముల అడ్డు. 1400 వాట్ల కోతయంత్రము 6 ఆంపియర్లు తీసికొనును. దారిలోనే 12 వోల్టులు పోవును. సాయంత్రము కాలనీలో 200 వోల్టులే వచ్చుచున్నచో యంత్రమునకు చేరునది 188. చక్రము మందగించును, మేస్త్రీ ఇంకను అదుమును, మోటారు కాలి వాసన వచ్చును. నింద యంత్రము మీద పడును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో పోవునది 5 వోల్టులే. చుట్టగా ఉన్న తీగను పూర్తిగా విప్పియే వాడవలెను. చుట్టలో వేడి బయటకు పోదు.

బ్యాటరీ యంత్రముతో ఈ బాధ లేదు. 18 వోల్టులు చేతిని కొట్టవు. అయినను రెండు జాగ్రత్తలు. గోడలో దాగియున్న ఇంటి తీగను దాని బర్మా తాకినచో వచ్చునది 230 వోల్టులే. అక్కడ బ్యాటరీ మనలను రక్షింపదు. రెండవది, ఛార్జరు ప్లగ్గుతోనే పనిచేయును గనుక దానిని బురదకు, ఇసుకకు దూరముగా ఉంచవలెను. ప్లగ్గు తీసిన యంత్రము చచ్చినట్లే. బ్యాటరీ ఉన్న యంత్రము మాత్రము ఎప్పుడును మేలుకొనియే ఉండును. చక్రము మార్చునప్పుడు బ్యాటరీని ఊడదీయక, పొరపాటున మీట నొక్కి వ్రేళ్లు పోగొట్టుకొను ప్రమాదము కలదు.

మన వేసవియే ఈ బ్యాటరీలకు పెద్ద శత్రువు. సున్న మొదలు సుమారు 40 డిగ్రీల వరకే వానిని ఛార్జి చేయవలెనని తయారీదారులు చెప్పుదురు. మే నెలలో రామగుండములోనో విజయవాడలోనో రేకుల నీడన ఆ హద్దు దాటుట వింత కాదు. పనిచేసి వేడెక్కిన బ్యాటరీని ఛార్జరు నిరాకరించి ఎఱ్ఱదీపము చూపినచో, చెడిపోయెనని కంగారుపడనక్కరలేదు. నీడన చల్లారనిచ్చినచో తీసికొనును. స్కూటరు డిక్కీలో ఎండలో వదలుట వలన దాని ఆయువు తరిగిపోవును. బాగుగా చూచుకొన్నను కొన్ని వందల మారులు ఛార్జి చేసిన పిమ్మట పట్టు తగ్గును. ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ యంత్రమునకు పట్టదు. కనుక మొదట కొన్న యంత్రమే తరువాతి కొనుగోళ్లను నిర్ణయించును. పాడైనదానిని చెత్తబుట్టలో వేయరాదు. మన దేశమున 2022లో వచ్చిన నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిదే.

ఈ ఖర్చంతయు ఎవరిదని అడిగినచో, మేస్త్రీదే. రోజుకూలికి పనిచేయువాడు యంత్రము, రెండు బ్యాటరీలు, ఛార్జరు కలిపి కొనవలెనన్న అప్పు చేయవలసినదే. అందుచేత సంచిలో బ్యాటరీ మిషను లేని మేస్త్రీ పనిలేనివాడని తలచుట న్యాయము కాదు. అతని తీగ యంత్రమునకు మంచి తీగ, ఆర్‌సీసీబీ ఉన్న ప్లగ్గు మనము ఇచ్చినచో బండకోతలో అతనికి సాటి లేదు.

మా పైయంతస్తు పని ముగిసిన పిమ్మట ఆ పెద్దమేస్త్రీ మరియొకమారు వచ్చెను, బీరువా అరలు బిగించుటకు. చెక్కలను క్రింద వరండాలో తీగ యంత్రముతో కోసికొని, పైకి బ్యాటరీ బర్మాను మాత్రమే తీసికొనిపోయెను. వరండాలో ప్లగ్గు పెట్టుటకు ముందు మా క్రొత్త ఆర్‌సీసీబీ ఎక్కడున్నదని అడిగి, పరీక్షమీట తానే నొక్కి చూచెను. ఇల్లంతయు ఒక్కసారి చీకటియై, రేడియో ఆగెను.